సజీవ భావం నంబరు పదిహేడు

జనవరి ఎనిమిదో తేదీ, బుధవారం, ఉదయం పదకొండు గంటల అయిదు నిమిషాలకు నవోల్లాస ఫుడ్స్ లిమిటెడ్ పేరేచర్ల యూనిట్ యాజమాన్యానికి ఒక విషయం తెలిసింది. యూనిట్‌లో నాలుగు వందల పన్నెండు మంది పనిచేస్తారు. వాళ్లలో మూడు వందల తొంభై మంది "ఇక్కడ మా మాట ఎవరూ వినరు" అన్న వాక్యం పక్కన టిక్కు పెట్టారు. మిగిలిన ఇరవై రెండు మంది అధికారులు.

సర్వే చేయించింది హైదరాబాదులోని హెడ్డాఫీసు. పద్దెనిమిది యూనిట్లలోనూ ఒకే కాగితం పంచారు. ఫలితం చదివి జనరల్ మేనేజర్ చిదంబరేశ్వరరావు ఆశ్చర్యపోయారు.

"ఈ సంగతి నాతో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదే!" అన్నారు.

"చెప్పారు సార్, పోయినేడు కూడా..." అని మొదలుపెట్టాడు హెచ్ఆర్ ఆఫీసరు హేమసుందర్.

"నువ్వు ఊరుకోవయ్యా" అన్నారు జీఎం.

ఆ సమయానికి ప్యాకింగ్ హాల్లో నాంచారమ్మ మూతలు చూస్తోంది. నవోల్లాస కంపెనీ పచ్చళ్లు చేస్తుంది. నింపిన సీసాకు మిషను మూత బిగిస్తుంది. సీసా బెల్టు మీద నాంచారమ్మ ముందుకొస్తుంది. ఆమె కుడి బొటనవేలితో మూత నడిమధ్య నొక్కుతుంది. సీలు పడితే మూత కదలదు. పడకపోతే టిక్కుమంటుంది. టిక్కుమన్న సీసాను పక్కన పెడుతుంది. పెట్టకపోతే ఇరవై రోజుల్లో ఆ పచ్చడికి బూజు పడుతుంది. మిషన్ల హోరులో ఆ టిక్కు నాంచారమ్మకు వినపడుతుంది. పదకొండేళ్లుగా ఆ చోట ఆమే ఉంది. ఆమె సెలవు పెట్టిన రోజుల్లో ఇంకొకరిని పెట్టి చూశారు. ఆ రోజుల సీసాలు దుకాణాల నుంచి తిరిగొచ్చాయి.

ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా మొదటి షిఫ్టు. ప్యాకింగ్‌లో షిఫ్టుకు ఇరవై ఇద్దరు ఆడవాళ్లు. అందరూ సిమెంటు నేల మీద నిలబడే చెయ్యాలి. పోయిన దసరా నాటికి నాంచారమ్మ మోకాళ్లు వాచాయి. ఈఎస్ఐ ఆసుపత్రి డాక్టరు నొక్కి చూసి, "కూర్చుని చేసుకో, లేదంటే పని మానెయ్. ఇట్టాగే నిలబడితే ఏడాది తిరిగేసరికి మంచం దిగలేవు" అన్నాడు.

పని మానెయ్యడం నాంచారమ్మకు ఇష్టం లేదు. ఆమెకు నలభై ఏడేళ్లు. మూత చూడటం తప్ప ఇంకో పని రాదు. ఆ పని ఆమెలా చేసేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఆమెకు కావలసింది ఒక స్టూలు.

మూడుసార్లు అడిగింది. మొదటిసారి జీఎం రౌండుకొచ్చినప్పుడు నోరు తెరిచింది. "ఏయ్ ప్యాకింగ్! పక్కకు జరుగు" అన్నారాయన. ఆయన మనుషుల్ని డిపార్ట్‌మెంటు పేరుతో పిలుస్తారు. రెండోసారి విన్నారు. "ఒకరికి స్టూలేస్తే ఇరవై రెండు మంది అడుగుతారు" అని వెళ్లిపోయారు. మూడోసారి ఆయన ఫోనులో ఉన్నారు. ఆగమని వేలు చూపించారు. నాంచారమ్మ పదకొండు నిమిషాలు ఆగింది. ఆయన ఆ వేలు అలాగే పట్టుకుని కారెక్కారు.

ఫిబ్రవరి మూడున హెడ్డాఫీసు నుంచి ఉద్యోగి ఉల్లాస విభాగం ఉపాధ్యక్షురాలు అభిజ్ఞ మేడం వచ్చారు. లోడింగ్ షెడ్డులో వేదిక కట్టారు. వేదిక మీద కుర్చీలు వేశారు. కింద మూడు వందల తొంభై మందీ నిలబడ్డారు.

"మీరంతా మాకు కుటుంబం" అన్నారు మేడం. "కుటుంబంలో మనం ఏం చేస్తాం? ఒకరి మాట ఒకరం వింటాం."

నాంచారమ్మ పక్కన బాజీబీ ఉంది. బెల్టు మీద సీసాలకు లేబుళ్లు అంటించే మనిషి. "ఈ మేడానికి ఇంకా పెళ్లి కాలేదనుకుంటా అక్కా" అంది.

హేమసుందర్ సర్క్యులర్ చదివాడు. కార్యక్రమం పేరు శ్రవణ మహోద్యమం. ఇకమీదట ఫిర్యాదు అనే మాట వాడకూడదు. భావం అనాలి. చెప్పేవారు భావదాత. వినేవారు భావస్వీకర్త. ఇరవై రెండు మంది అధికారులూ విజయవాడ హోటల్లో రెండు రోజులు వినడంలో శిక్షణ పొంది సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు. భావదాత అడిగిన పదిహేను నిమిషాల్లో వినడం మొదలు కావాలి.

"భావదాతను ముందుగా కుర్చీలో ఆసీనుల్ని చేయవలెను" అని చదివాడు హేమసుందర్. "నిలబడి చెప్పినది వినతి మాత్రమే. కూర్చుని చెప్పినదే భావమని సలహాదారు సంస్థ అధ్యయనంలో తేలినది. భావదాత 'నా మాట అయింది' అని స్వయముగా పలుకునంతవరకు భావస్వీకర్త లేవరాదు, అడ్డు తగలరాదు, గడియారము చూడరాదు. నలభై సెకండ్లకొకమారు తల ఊపవలెను. ఎట్టి పరిస్థితిలోనూ జవాబు ఇవ్వరాదు. జవాబు ఇచ్చుట యనగా వినుట ఆపివేయుటయే."

ఈ నియమాలు తప్పడం మొదటి తరగతి దుష్ప్రవర్తన కిందికి వస్తుందనీ, జనరల్ మేనేజర్లకు మినహాయింపు లేదనీ చివరి పేరాలో ఉంది.

మర్నాడు జీఎం రౌండుకొచ్చారు. "ఏమండీ ప్యాకింగ్ గారూ! కాస్త పక్కకు జరగండి" అన్నారు.

ఫిబ్రవరి పదిన నాంచారమ్మ భావ మందిరానికి వెళ్లింది. అంతకుముందు అది అట్టపెట్టెల గది. ఇప్పుడు ఏసీ పెట్టారు. రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశారు. ఒకదాంట్లో హేమసుందర్ ఉన్నాడు. ఎమ్‌బీఏ చదివాడు. ఇరవై ఆరేళ్లవాడు.

"ఆసీనులు కండి" అన్నాడు.

"ఆఁ?"

"కూర్చోండమ్మా."

నాంచారమ్మ కుర్చీని ఒకసారి చూసింది. కూర్చుంది.

"మోకాళ్ల నొప్పులు సార్. నిలబడలేకపోతున్నా. ఒక స్టూలు ఇప్పించండి. అంతే."

హేమసుందర్ తల ఊపాడు.

"ఇప్పిస్తారా?"

అతను మళ్లీ తల ఊపాడు. అది నలభయ్యో సెకండు.

"ఊఁ అన్నట్టా, ఉఁహూఁ అన్నట్టా సార్?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కాసేపటికి అతను గొంతు తగ్గించి, "నా మాట అయింది అనండమ్మా. మీరు అనకపోతే నేను నోరు తెరవకూడదు" అన్నాడు. అప్పటికే తెరిచాడు గనక ఆ రోజు డైరీలో తన మీద తానే ఒక తప్పు రాసుకున్నాడు.

"నా మాట అయింది."

"మీ భావం నాకు అందింది."

"మరి నాకు స్టూలు ఎప్పుడు అందుద్ది?"

"అది జవాబు కిందికొస్తుందమ్మా."

రిజిస్టరులో భావం నంబరు పదిహేడుగా రాశారు.

బెల్టు దగ్గరికి తిరిగొచ్చాక బాజీబీ అడిగింది. "ఏందక్కా, ఏమన్నాడు?"

"తలకాయ ఊపాడు."

"మా ఆయన కూడా అంతే. ఇరవై ఏళ్లు. ఆ సర్టిఫికెట్టేదో ఆయనకు కూడా ఇప్పిస్తే పోద్ది."

అధికారికి రోజుకు ఆరు శ్రవణాలు చెయ్యాలని లక్ష్యం పెట్టారు. లక్ష్యం అందుకోని వారి పేర్లు బోర్డు మీద రాశారు. అధికారులు భావదాతల కోసం హాలు హాలంతా తిరిగారు. చెప్పుకోవడానికి ఏమీ లేదన్న తొమ్మిది మందికి మెమోలు ఇచ్చారు. 'సంస్థ కల్పించిన శ్రవణ సదుపాయాన్ని ఉద్దేశపూర్వకముగా వినియోగించుకొననందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదు' అని అందులో అడిగారు. ఆ తొమ్మిది మందీ వెళ్లి, తమకు మెమో ఇచ్చారని చెప్పుకున్నారు. భావాలుగా రాసుకున్నారు. బాజీబీ తన అత్త తన బిర్యానీకి వంక పెడుతుందని చెప్పింది. దాన్ని బాహ్య భావం అనే కొత్త గడిలో రాసుకున్నారు. లక్ష్యం లెక్కలో తేడా లేదు.

నాంచారమ్మ భావానికి గిరాకీ పెరిగింది. ఆమెది ఒక్క నిమిషంలో అయిపోతుంది. సాయంత్రానికి లక్ష్యం అందని అధికారులు, "మీ స్టూలు సంగతి ఒకసారి చెప్పిపోండమ్మా" అని వచ్చి అడిగేవాళ్లు. ఆమె వెళ్లి చెప్పేది. ఎవరైనా ఒకరు ఇస్తారేమోనని.

మార్చి రెండో వారంలో ఒక ప్రమాదం జరిగింది. క్యాంటీను సాంబారులో ముక్కలుండవని రెండు వందల పన్నెండు మంది చెప్పుకుని ఉన్నారు. వంటమనిషి కూడా ఆ మాట విన్నాడు. అతనికి శిక్షణ లేదు. మర్నాడు సాంబారులో ములక్కాడలూ సొరకాయ ముక్కలూ వేశాడు. జనం తిన్నారు. రెండు వందల పన్నెండు భావాలు ఒక్క పూటలో పోయాయి. భావాల లెక్కన యూనిట్లకు స్థానాలు చూపించే హెడ్డాఫీసు గోడ మీది తెరలో పేరేచర్ల యూనిట్ మొదటి స్థానం నుంచి పదిహేడో స్థానానికి పడింది.

సంజాయిషీ అడిగారు. వెనకాలే సర్క్యులర్ వచ్చింది. పరిష్కారమైన భావాన్ని ఇకమీదట మృత భావం అనాలి. కానిది సజీవ భావం. 'సజీవ భావములే సంస్థ యొక్క శ్రవణ సంపద. భావ పరిరక్షణ సంఘము వారి లిఖితపూర్వక అనుమతి లేకుండ ఎవరును ఏ భావమునకును మృతి కలిగించరాదు.' సంఘం మూడు నెలలకోసారి సమావేశమవుతుంది.

జీఎం క్యాంటీనుకు వెళ్లారు. మర్నాటి నుంచి సాంబారులో ముక్కలు మానేశారు. గిన్నె అడుగున మిగిలిన రెండు ములక్కాడల్ని లెక్క రాసి పారేశారు.

ఏప్రిల్ రెండున సన్మాన సభ జరిగింది. పద్దెనిమిది యూనిట్లలో ఎక్కువసార్లు విన్న సజీవ భావంగా నంబరు పదిహేడును ఎంపిక చేశారు. బిరుదు సజీవ భావ శిరోమణి. అభిజ్ఞ మేడం మళ్లీ వచ్చారు. వేదిక మీద అయిదు కుర్చీలు. అయిదూ అతిథులవి. నాంచారమ్మ ఒక గంటా యాభై నిమిషాలు వాళ్ల పక్కన నిలబడింది.

"ముప్పై ఒక్కసార్లు విన్నాం" అన్నారు మేడం మైకులో. "ముప్పై ఒక్కసార్లూ అదే భావం. ఒక్క అక్షరం మారలేదు. ఇంతటి నిలకడ మనం ఎక్కడ చూస్తాం?"

శాలువా కప్పారు. భావాన్ని పెద్ద అక్షరాల్లో రాయించి ఫ్రేము కట్టించి చేతికిచ్చారు. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు.

"మోకాళ్ల నొప్పులు మేడం. నిలబడలేకపోతున్నా. ఒక స్టూలు ఇప్పించండి" అంది నాంచారమ్మ.

ఇరవై రెండు మంది అధికారులూ లేచి చప్పట్లు కొట్టారు. మేడం కళ్లు తుడుచుకున్నారు. "ముప్పై రెండు" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో బాజీబీ ఆ ఫ్రేము పట్టుకుంది. "గట్టి చెక్కే అక్కా. నాలుగు కాళ్లు కొట్టిస్తే స్టూలవుద్ది" అంది.

నాంచారమ్మ నవ్వలేదు. రెండు రోజుల తర్వాత గుంటూరు పట్నం బజారుకు వెళ్లి ప్లాస్టిక్ స్టూలు ఒకటి కొనుక్కుంది. ఎత్తుది. నీలం రంగుది. పొద్దున ఆరింటికి పది నిమిషాల ముందు దాన్ని చంకన పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. సెక్యూరిటీ ఆపాడు. జీఎంకు ఫోను చేశాడు. జీఎం ఇంటి నుంచి వచ్చారు. పదకొండేళ్లలో ఆమె కోసం ఆయన రావడం అదే మొదటిసారి.

"ఏంటండీ ఇది ప్యాకింగ్ గారూ?"

"స్టూలు సార్. నాదే. కంపెనీని అడగట్లా."

"లోపలికి తీసుకెళ్లి ఏం చేస్తారు?"

"కూర్చుంటా."

"కూర్చుంటే ఏమవుతుంది?"

"నొప్పి తగ్గుద్ది."

"నొప్పి తగ్గితే పదిహేడో నంబరు ఏమవుతుంది?"

నాంచారమ్మ ఆలోచించింది. "పోద్ది" అంది.

"చూశారా, మీకే అర్థమైంది." జీఎం గొంతు తగ్గించారు. "అది ఇప్పుడు మీ ఒక్కరిది కాదమ్మా. పద్దెనిమిది యూనిట్లలో కొత్త అధికారులకు దాంతోనే శిక్షణ ఇస్తున్నారు. రేపు సంఘం వాళ్లు వచ్చి, ఏదయ్యా మీ సజీవ భావం అంటే నేనేం చూపించాలి? మీరు స్టూలు మీద కూర్చుని ఉంటే నా పరిస్థితేంటి?"

"మీ పరిస్థితికేంది సార్, కుర్చీలోనే ఉంటది గదా."

స్టూలును గేటు దగ్గర జప్తు చేశారు. పారెయ్యడానికి మేడం ఒప్పుకోలేదు. రిసెప్షన్లో అద్దాల పెట్టె చేయించి అందులో పెట్టించారు. ముందు ఒక పలక పెట్టారు. 'సజీవ భావ శిరోమణి నాంచారమ్మ గారు స్వయముగా తెచ్చిన స్టూలు. దయచేసి కూర్చొనరాదు.'

ఏప్రిల్ పంతొమ్మిదిన డాక్టరు మళ్లీ చూశాడు. ఎడమ మోకాలు మడవమంటే ఆమె మడవలేకపోయింది. "మే నెలాఖరు దాకా చూస్తానమ్మా. ఆ తర్వాత నువ్వు మానేదేంది, పనికి పనికిరావని నేనే రాసిస్తా" అన్నాడు.

"కాగితం రాయాలంటే స్టూలు ఇమ్మని రాయండి సార్."

"పోయిన నెల రాశాను గదా. ఏమైంది?"

"దాన్ని కూడా భావం కింద కలిపారు."

మే మొదటి వారంలో ఆవకాయ పని మొదలైంది. కంపెనీకి ఏడాది అమ్మకాల్లో సగం ఆవకాయదే. రోజుకు పద్నాలుగు టన్నుల మామిడికాయ ముక్క కలుపుతారు. కలిపింది ఆ రోజే సీసాల్లోకి వెళ్లాలి. ఆగితే ముక్క మెత్తబడుతుంది. మెత్తబడ్డ ముక్కను నవోల్లాస పేరుతో అమ్మరు.

మే ఆరో తేదీ, మంగళవారం, ఉదయం ఆరూ నలభైకి హేమసుందర్ ప్యాకింగ్ హాలుకు వచ్చాడు. "అమ్మా, పొద్దున్నే ఒకటి అయిపోతే బోణీ. ఒక్క నిమిషం" అన్నాడు.

నాంచారమ్మ వెళ్లింది. అది ముప్పై తొమ్మిదోసారి. కుర్చీలో కూర్చుంది. మోకాళ్ల నొప్పులంది. నిలబడలేకపోతున్నానంది. స్టూలు ఇప్పించమంది. హేమసుందర్ తల ఊపి, ఆ మూడు మాటల కోసం చూశాడు.

నాంచారమ్మ తన మోకాళ్ల వైపు చూసుకుంటోంది. అవి నొప్పెట్టడం లేదు. ఏసీ చల్లగా వస్తోంది. కుర్చీకి మెత్త ఉంది. ఈ ఫ్యాక్టరీలో తనను కూర్చోమన్న చోటు ఇదొక్కటే. లేవమనే అధికారం ఎదుటి మనిషికి లేదు.

"ఈ నొప్పి ఇప్పటిది కాదు సార్" అంది. "మొదటి నుంచీ చెప్తా. మాది రేపల్లె పక్కన. మా అమ్మకు నేను నాలుగో కాన్పు..."

హేమసుందర్ తల ఊపాడు.

ఏడున్నరకు ఆమె బడికి వెళ్లే వయసుకు వచ్చింది. ఎనిమిదింటికి ఉప్పెనలో వాళ్ల పాక పోయింది. ఎనిమిదీ ముప్పావుకు హేమసుందర్ కాలు మీద కాలు వేసుకున్నాడు. తొమ్మిదింటికి కాళ్లు మార్చుకున్నాడు. తొమ్మిదింబావు నుంచి నలభై సెకండ్లకు బదులు పది సెకండ్లకొకసారి తల ఊపాడు. నాంచారమ్మ గమనించింది.

"బయటికి పోవాలా సార్?"

అతను జవాబు చెప్పకూడదు. కళ్లతో చూశాడు.

"పోయి రండి. నేనిక్కడే కూర్చుంటా. మీరు లేనప్పుడు కూడా చెప్తానే ఉంటా. అప్పుడు అడ్డం తగిలినట్టు గాదు గదా."

హేమసుందర్ పరిగెత్తాడు. నియమావళిలో అది ఏ తరగతి దుష్ప్రవర్తనో ఇంతవరకు తేలలేదు. అతను తిరిగొచ్చేసరికి గదిలో నాంచారమ్మ మాట్లాడుతూనే ఉంది. వాళ్ల మేనమామ ఊరొదిలి పోయిన సంగతి మాత్రం అతనికి తప్పిపోయింది.

మధ్యాహ్నం రెండింటికి నాంచారమ్మ "నా మాట అయింది" అంది. లేచి ఇంటికి వెళ్లింది. ఆ రోజు ఆమె చోట ఇంకొకరు మూతలు నొక్కారు. తొమ్మిది వేల సీసాల్లో టిక్కుమన్నది ఒక్కటీ లేదని రాశారు.

సాయంత్రం హెడ్డాఫీసు నుంచి అభినందన వచ్చింది. ఒకే భావం, నాలుగు వందల నలభై నిమిషాలు. పద్దెనిమిది యూనిట్ల చరిత్రలో అంతసేపు ఎవరూ వినలేదు.

బుధవారం పొద్దున బస్సు దిగుతూ బాజీబీ అడిగింది. "నిజం చెప్పక్కా. ఎనిమిది గంటలూ కూర్చునే ఉన్నావా?"

"మెత్త కూడా ఉందే."

"మరి నా కాళ్లేం పాపం చేశాయి?"

ఆరూ పదికి ఇరవై ఇద్దరూ భావం చెప్పుకుంటామన్నారు. పదిహేను నిమిషాల్లో వినడం మొదలు కావాలి. భావ మందిరం చాలలేదు. అకౌంట్సులో, స్టోర్సులో, మీటింగు హాల్లో, ఎవరి కుర్చీల దగ్గర వాళ్లు అధికారులు ఎదురు కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. బాజీబీ జీఎం గదిలోకి వెళ్లింది. ఆయన ఇరవై రెండో సర్టిఫికెట్టు గలవారు.

బెల్టు ఆగింది. కలిపిన ఆవకాయ తొట్లలో ఉంది.

"మా అత్త సంగతి చెప్తా సార్" అంది బాజీబీ. "ఆమెకు బిర్యానీలో దాల్చినచెక్క ఎక్కువయిందంట..."

జీఎం పళ్లు బిగించి తల ఊపారు. పదింటికి కిటికీలోంచి ఆవకాయ తొట్ల వైపు చూశారు. పదకొండింటికి బల్ల మీద ఫోను మోగింది. బాజీబీ, "ఎత్తండి సార్, నేను ఆగను గానీ ఎత్తండి" అంది. ఆయన ఫోను ఎత్తారు. ఒక చెవిలో బాజీబీ అత్త. రెండో చెవిలో అభిజ్ఞ మేడం.

"కంగ్రాట్యులేషన్స్! ఇరవై రెండు సమాంతర శ్రవణాలు! చైర్మన్ గారు తెర ముందు నుంచి లేవడం లేదు."

"మేడం, ఆవకాయ ఆగిపోయింది. పద్నాలుగు టన్నులు. వీళ్లను లేపే దారి చెప్పండి."

"లేపడమా? శ్రవణం మధ్యలోనా?"

"పోనీ ఆ ఒక్క స్టూలు ఇచ్చేస్తాను మేడం. అనుమతి ఇప్పించండి."

"శిరోమణినా!" అన్నారు మేడం. "సంఘం జూలైలో కూర్చుంటుంది. అర్జీ పంపండి. మీ మీద నాకు చాలా గౌరవం ఉండేది చిదంబరేశ్వరరావు గారూ."

గురువారం కూడా బెల్టు కదలలేదు. రెండు రోజులూ మధ్యాహ్నం రెండో షిఫ్టు ఆడవాళ్లు వచ్చి, తమకూ భావాలున్నాయన్నారు. బుధవారం కలిపిన ముక్కను బయట పారబోశారు. సాయంత్రం జీఎం తన గదిలో హేమసుందర్‌ను నిలబెట్టారు.

"ఇంకా ఎంతుందయ్యా ఆ పదిహేడో నంబరావిడకు చెప్పేది?"

"చెల్లెలి పెళ్లి దాకా వచ్చింది సార్. పీటల మీద కూర్చున్నాక పెళ్లికొడుకు లేచి వెళ్లిపోయాడు. మిగతాది రేపు చెప్తానన్నారు."

"ఎందుకు వెళ్లిపోయాడు?"

"నేను అడగకూడదు కదా సార్."

"రేపు కూడా బెల్టు ఆగితే నా ఉద్యోగం పోతుంది" అన్నారు జీఎం. "స్టూలు ఇస్తే భావం చచ్చిందని పోతుంది. ఇవ్వకపోతే ముక్క మెత్తబడిందని పోతుంది."

"సార్" అన్నాడు హేమసుందర్. "ఒకటి చెప్పనా? మీరు మధ్యలో..."

జీఎం నోరు తెరిచి మూసుకున్నారు. బల్ల ఎదుట ఉన్న కుర్చీ చూపించారు. హేమసుందర్ కూర్చున్నాడు.

"గదిలోనే వినాలని సర్క్యులర్లో ఎక్కడా లేదు సార్. చెప్పేవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టాలని ఉంది. కుర్చీ ఎక్కడుండాలో లేదు. కుర్చీలు బెల్టు దగ్గర వేస్తే వాళ్లు కూర్చుని చేతులతో పని చేస్తారు, నోటితో చెప్తారు. మనం వింటాం. స్టూలు ఇవ్వలేదు గనక పదిహేడో నంబరు సజీవంగానే ఉంటుంది."

నలభయ్యో సెకండుకు జీఎం తల ఊపారు. తర్వాత, "నీ మాట అయిందా?" అని అడిగారు.

"అయింది సార్."

"బెల్టు నడుమెత్తు ఉంటుంది. మామూలు కుర్చీలు అందవు."

"మన కుర్చీలకు కింద మీట ఉంది సార్. నొక్కితే లేస్తాయి."

"మన కుర్చీలంటే?"

"యూనిట్‌లో మీట ఉన్నవి ఇరవై రెండే సార్. మీదానితో కలిపి."

శుక్రవారం ఉదయం అయిదూ నలభైకి అధికారులు తమ కుర్చీలను దొర్లించుకుంటూ ప్యాకింగ్ హాలుకు తెచ్చారు. జీఎం కుర్చీకి వీపు తలకన్నా పొడవు. చేతులు పెట్టుకునే చోట తోలు వేసి ఉంటుంది. ఆయన దాన్ని తానే తెచ్చారు. ఎక్కడ పెట్టాలని అడిగారు. మూతలు చూసే చోట పెట్టమని బాజీబీ చెప్పింది.

నాంచారమ్మ వచ్చి కుర్చీని చూసింది. మీట ఎక్కడుందో తెలియలేదు. జీఎం వంగి నొక్కి చూపించారు. కుర్చీ బెల్టు ఎత్తుకు లేచింది. ఆమె కూర్చుంది. రెండు కాళ్లూ ముందుకు చాపుకుంది.

"చెప్పండి నాంచారమ్మ గారూ" అన్నారు జీఎం.

ఆమె తలెత్తి చూసింది. ఆయన నోట తన పేరు వినడం ఆమెకు అదే మొదటిసారి.

"ముందు మోకాళ్ల నొప్పులు సార్. ఒక స్టూలు ఇప్పించండి" అంది. "అది రాసుకోండి. రాసుకున్నారా? ఇప్పుడు మా చెల్లెలి పెళ్లి కాడికొద్దాం."

ఆరింటికి బెల్టు కదిలింది. ఇరవై ఇద్దరు కూర్చుని పనిచేశారు. ఇరవై రెండు మంది పక్కన నిలబడి విన్నారు. మధ్యలో లేవకూడదని ఉంది గానీ నిలబడి వినకూడదని నియమావళిలో లేదు. తొమ్మిదింటికి అకౌంట్సు ఆఫీసరు స్తంభానికి ఆనుకున్నాడు. పదింటికి స్టోర్సు ఆఫీసరు చెప్పులు విప్పేశాడు. పదకొండింటికి జీఎం తన ఎడమ కాలి బరువు కుడి కాలి మీదికి మార్చారు. నాంచారమ్మ ఒక మూత మీద వేలు ఆపింది. టిక్కుమంది. సీసాను పక్కన పెట్టింది.

"అది వినపడిందా సార్?"

జీఎం వంగి చెవి పెట్టారు. వినపడలేదు.

ఆ షిఫ్టులో పదకొండు వేల నాలుగు వందల సీసాలు వెళ్లాయి. నాంచారమ్మ ముప్పై ఆరు సీసాలు పక్కన పెట్టింది. పదిహేడో నంబరు నలభై రెండోసారి విన్నట్టు రిజిస్టరులో రాశారు. ఎదుటి గడిలో 'సజీవం' అని ఉంది. కింద జీఎం సంతకం ఉంది. అక్షరాలు వంకరపోయాయి. ఆయన నిలబడి చేశారు.

మధ్యాహ్నం రెండు గంటల రెండు నిమిషాలకు నాంచారమ్మ కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకోకుండా గేటు దాకా నడిచింది. రెండు గంటల మూడు నిమిషాలకు చిదంబరేశ్వరరావు తన కుర్చీ తీసుకుపోవడానికి బెల్టు దగ్గరికి వచ్చారు. అందులో రెండో షిఫ్టు మరియమ్మ కూర్చుని ఉంది.